ప్రాగు నగరపు నిషిద్ధ మేళము



నేడు నేను మీతో ముచ్చటింపబోవు విషయము సంగీతమునకు సంబంధించినది. అయినను ఇది సంగీత ప్రసంగము కాదు. రాగతాళములను గూర్చి నేను చెప్పగలిగినది స్వల్పము. ఒక దేశమున కొందఱు పడుచువారు కూడి యొక మేళము కట్టుకొనిరి. అది ప్రభుత్వమునకు నచ్చలేదు. వారి వాద్యములను లాగికొనిరి, కచేరీలను చెదరగొట్టిరి, తుదకు వారిని న్యాయస్థానమున కీడ్చి చెఱసాలకు బంపిరి. ఆ విచారణ చూడవచ్చిన నాటకకర్త యొకడు పదుమూడేండ్ల తరువాత ఆ దేశమునకు అధ్యక్షుడయ్యెను. ఈ రెండు సంగతులకు నడుమ నున్న కథయే నేటి నా ప్రసంగము.

ఆ దేశము యూరపు ఖండము నడుమ నుండిన చెకొస్లొవాకియా. 1993వ సంవత్సరమున అది చెక్ దేశముగను స్లొవాకియాగను విడిపోయినది. దాని రాజధాని ప్రాగు నగరము. మేళము పేరు "ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్". అనగా విశ్వమందలి ప్లాస్టికు మనుష్యులు. పేరు వినగానే మీలో కొందఱు నవ్వియుందురు. నవ్వదగిన పేరే. అమెరికా దేశస్థుడగు ఫ్రాంక్ జాపా యను సంగీతకర్త పాట యొకదాని నుండి ఆ పడుచువారు దానిని దెచ్చుకొనిరి.

వారు వాయించినది రాక్ అను జాతి సంగీతము. విద్యుచ్ఛక్తిచే గిటారు మొదలగు వాద్యముల ధ్వనిని పెంచి, డోళ్ల దరువుతో గొంతెత్తి పాడుట దాని లక్షణము. ఇందు నాట్యమునకును కాలక్షేపమునకును మాత్రమే పనికివచ్చునది యొకటి. కవిత్వమును, నాటకమును, చిత్రలేఖనమును తనలో గలుపుకొని, వినువానిని రంజింపజేయుటకంటె కలవరపెట్టుటకే యెక్కువగా యత్నించునది మఱియొకటి. ఈ రెండవదానికి ఆర్ట్ రాక్ అని పేరు. మనము చెప్పుకొను మేళము ఈ తెగలోనిది. సత్యము దాచనేల? మా మేనల్లుడు మొదటిసారి వారి పాటను వినిపించినపుడు నేను పూర్తిగా వినలేక లేచిపోయితిని. వయోలా యొకవైపు కీచుమనుచుండును. శాక్సఫోను మఱియొకవైపు రంపపుకోతవలె రాచుచుండును. క్రింద బరువైన తంత్రి యొకే పలుకును మరల మరల పలుకుచుండును. దానిపై నొక మనుష్యుడు పాడుచున్నాడో తిట్టుచున్నాడో తెలియని గొంతుతో మాటలు చెప్పుచుండును. మూడవసారి విన్నపుడు అందొక క్రమము కలదని తోచినది. ఇష్టమైనదని యిప్పటికిని చెప్పజాలను. కాని ఇష్టము లేని పాటకు గూడ న్యాయము జరుగవలయునా వద్దా యనునదియే యీ కథలోని ప్రశ్న కావున, నాకది యిష్టము కాకుండుటయే మంచిదైనది.

1968వ సంవత్సరము జనవరిలో అలెగ్జాండర్ దుబ్చెక్ అను నాయకుడు చెకొస్లొవాకియా కమ్యూనిస్టు పార్టీకి ప్రధానుడయ్యెను. ఆయన పత్రికలపై కట్టుబాట్లు సడలించెను. జనులు ధారాళముగ మాటలాడజొచ్చిరి. ఆ కొలదినెలలను ప్రాగు వసంతమని పిలిచిరి. ఆగస్టు 20వ తేది రాత్రి సోవియట్ రష్యాయు దాని కూటమిలోని దేశములును తమ సేనలను ఆ దేశముపైకి నడపెను. తెల్లవారునప్పటికి ప్రాగు వీథులలో యుద్ధశకటములు నిలిచి యుండెను. మఱుసటి యేడు ఏప్రిలులో దుబ్చెక్ తొలగింపబడి గుస్తావ్ హుసాక్ ఆ పదవికి వచ్చెను. తరువాతి ఇరువది యేండ్ల పాలనను యథాస్థితికి దెచ్చుట యని ఆ ప్రభుత్వమే పేరు పెట్టుకొనినది. బ్రతుకును బిగించి కట్టివేయుటకు అంతకంటె మెత్తని మాట దొరకదు.

సేనలు ప్రవేశించిన నెల దినములకు, పదునేడేండ్ల వయస్సుగల మిలాన్ హ్లావ్సా యను బాలుడు స్నేహితులతో గూడి యీ మేళము స్థాపించెను. ఆతడు వాయించునది బాస్ గిటారు. సేనలపై కోపముతో మేళము కట్టినాడని తరువాత కొందఱు వ్రాసిరి. ఆతడు మాత్రము అట్లు చెప్పుకొనలేదు. తమకు రాజకీయములతో పని లేదనియు, తమకు నచ్చిన సంగీతము వాయించుకొనుటయే తమ కోరిక యనియు వారందఱు ఎల్లప్పుడును చెప్పుచువచ్చిరి. ఫ్రాంక్ జాపా పాటలు, న్యూయార్కు నగరమందలి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అను మేళము పాటలు వారికి ప్రాణము. ముఖములకు రంగులు పూసికొని, వేదికపై మంటలు వెలిగించి, వింత వస్త్రములు ధరించి వారు పాడుచుండిరి.

మఱుసటి సంవత్సరము వారితో నొక విచిత్ర పురుషుడు చేరెను. ఈవాన్ మార్టిన్ యిరౌస్ ఆతని పేరు. కళాచరిత్ర చదివినవాడు, కవి, త్రాగుబోతు, నోటిదురుసు కలవాడు. స్నేహితు లాతనికి పెట్టిన పేరు మాగోర్. మన భాషలో పిచ్చివాడని చెప్పవచ్చును. ఆతడా పేరును బిరుదువలె ధరించెను. వాద్యమేదియు వాయింపడు. అయినను మేళమునకు ఆలోచన చెప్పువాడు, కచేరీలు కుదుర్చువాడు, కష్టము వచ్చినపుడు ముందు నిలుచువాడు ఆతడే.

ఇచ్చట ఆ దేశపు పద్ధతి యొకటి వివరింపవలసి యున్నది. అచ్చట సంగీతము వాయించి జీవింపదలచినవాడు ప్రభుత్వపు సంఘము నెదుట పరీక్షకు నిలిచి అనుమతిపత్రము పొందవలయును. పత్రమున్నచో వాద్యములు, ధ్వనివర్ధక యంత్రములు, సాధనకు స్థలము లభించును. కచేరీకి పైకము ముట్టును. అది లేనివాడు పైకము పుచ్చుకొనరాదు. ఏదో యొక సంస్థ పూచీపడిననే గాని ప్రజల యెదుట వాయింపరాదు. సేనలు వచ్చిన తరువాత పరీక్షకులు వాయించు నేర్పుకంటె తక్కిన సంగతులనే యెక్కువగా చూడసాగిరి. జుట్టు కత్తిరించుకొనుడు, ఇంగ్లీషు పేరు మార్చుకొనుడు, పాటలు మార్చుడు అని చెప్పిరి. చాల మేళములు మార్చుకొన్నవి. వారిని నిందింపజాలము, అన్నము తినవలసినవారే గదా. వీరు మాత్రము మార్చుకొనలేదు. 1970లో వీరి అనుమతి పోయెను. దానితో ప్రభుత్వపు వాద్యములును పోయినవి.

చేతిలో నేమియు లేదు. అపుడు యోసెఫ్ యానీచెక్ అను నాతడు చేరెను. యంత్రముల పని తెలిసినవాడు. పాత ట్రాన్సిస్టరు రేడియోలను విప్పి, అందలి భాగములతో ధ్వనివర్ధకములు కట్టెను. రేడియో పెట్టెకు దేశదేశములలో ఎన్నో ఉపయోగములు కలిగినవి గాని, ఇట్టి యుపయోగము అరుదు. అవి గరగరలాడుచుండెడివట. నేను విన్న గరగరలో నెంత పాలు వారి యుద్దేశమో, ఎంత పాలు ఆ పాత పెట్టెలదో నిర్ణయింపలేను.

వాయించుటకు స్థలము సంపాదించిన యుపాయము మఱియు చిత్రమైనది. యిరౌస్ కళాకారుల సంఘమున సభ్యుడు. సభ్యునికి ఉపన్యాసము చేయుటకు హాలు నడుగు హక్కు కలదు. ఆతడు ఆండీ వార్హోల్ అను అమెరికను చిత్రకారుని గూర్చి ఉపన్యసింతునని హాలు తీసికొనును. తెరపై నాలుగైదు చిత్రములు చూపును. పిమ్మట ఆ చిత్రకారునికి సంబంధించిన పాటలకు ఉదాహరణములని చెప్పి మేళమును వాయింపజేయును. ఉపన్యాసము నిమిషములు, ఉదాహరణములు గంటలు!

మొదట వారు పాడినది ఇంగ్లీషులో. పాల్ విల్సన్ అను కెనడా దేశస్థుడు ప్రాగులో ఇంగ్లీషు బోధించుచుండెను. 1970 నుండి 1972 వరకు ఆతడు వీరికి గాయకుడుగ నుండెను. విల్సన్ మేళమును విడిచిన పిమ్మట వ్రాతిస్లావ్ బ్రాబెనెట్స్ అను శాక్సఫోను వాద్యకుడు చేరుచు ఒక నియమము పెట్టెను. పాటలు మన చెక్ భాషలో నుండినగాని నేను వాయింపనని చెప్పెను. ఈ మాట నాకు మిక్కిలి నచ్చినది. పరభాషలో పాడునంతకాలము వారు దూరదేశపు పాటలకు నకలు వ్రాయువారు. వినువారిలో సగము మందికి అర్థమే తెలియదు; ప్రభుత్వమునకును వారు వట్టి అల్లరిమూకయే. తల్లిభాషలో నోరు విప్పిన దినముననే వారు తమ సంగీతమునకు కర్తలైరి. ఆ దినముననే నిజమైన అపాయమును కొనితెచ్చుకొనిరి. ప్రతి మాటయు పోలీసువానికి గూడ తెలియును గదా.

ఆ మాటలలో ననేకము ఎగోన్ బోండీ యను కవివి. ఆయన గ్రంథములు అచ్చుకు నోచుకొనలేదు. టైపు ప్రతులుగ చేతులు మారుచుండెడివి. ఆయన కవిత్వము మోటు. మలబద్ధకముపై గూడ పాట యొకటి కలదు. పెద్దల సభలో చదువరానివి పెక్కు గలవు. కార్యాలయములలో నినాదములు, బజారులో వరుసలు, ఇంటిలో త్రాగుడు, ఎక్కడ జూచినను బొంకు, ఇట్టి బ్రతుకును వర్ణించుటకు ఆయన మెత్తని పదములు వెదకలేదు. 1974, 75లలో ఆ పాటలను రహస్యముగ టేపుపై పట్టిరి. ఆ టేపు దేశము దాటి 1978లో విదేశమున గ్రామఫోను పలకగా వెలువడినది. విచార మేమన, 1989 తరువాత బయటపడిన రహస్యపోలీసు దస్త్రములలో, ఈ బోండీ మధ్యమధ్య పోలీసులకు సమాచార మిచ్చినట్లు కానవచ్చినది. మేళపువారికి మాటలిచ్చిన నోరే అచ్చటను మాటలాడినది. దీనిని విన్నవారు కొందఱు ఆయనను క్షమించిరి, కొందఱు క్షమింపలేదు.

1973లో మేళపువారు మరల అనుమతికై పరీక్షకు వెళ్లిరి. సంఘము ఇచ్చెను కూడ. రెండు వారములలో దానిని రద్దు చేసి, వీరి సంగీతము రోగగ్రస్తమైనదనియు, సమాజమునకు చెఱుపు చేయుననియు కారణము చెప్పెను. మఱుసటి యేడు మార్చి 30వ తేదిని దక్షిణమున చెస్కే బుద్యెయోవిత్సె పట్టణము చెంత నొక గ్రామమున కచేరీ యేర్పాటయ్యెను. ప్రాగునుండి యువజనులు వందలకొలది రైలెక్కి వచ్చిరి. మేళము వేదిక యెక్కకముందే పోలీసులు కుక్కలతోను లాఠీలతోను వచ్చి వారిని స్టేషనునకు తరిమిరి, కొట్టిరి, రైలులో కుక్కి తిరుగ బంపిరి. కొందఱిని నిర్బంధించిరి. పేర్లు వ్రాసికొనిన పిదప విద్యార్థులు కొందఱు పాఠశాలలనుండి తొలగింపబడిరి. ఒక్క పాటయైనను వినకుండనే చదువు పోగొట్టుకొనిన ఆ పిల్లల తలిదండ్రులు ఇంటికడ ఏమనుకొనియుందురో మీరే యూహింపుడు. కొడుకునే తిట్టియుందురు. మనమైనను అదియే చేసియుందుము.

హాళ్లు మూతపడినవి. ఉపన్యాసముల యుపాయము పాతబడినది. ఇక మిగిలినది పెండ్లి. ఏ ప్రభుత్వమైనను పెండ్లియింట మేళము వలదనలేదు. కావున వారిలో నెవరికైనను వివాహమైనచో నది కచేరీ దినము. 1974 సెప్టెంబరు 1వ తేదిని పోస్తుపిత్సె గ్రామమున నొక పెండ్లి జరిగెను. దానిని వారు రెండవ సంస్కృతి ప్రథమోత్సవ మనిరి. రెండవ సంస్కృతి యను మాట యిరౌస్ కల్పించినది. ప్రభుత్వపు సంస్కృతి యొకటి యున్నది. దానితో మనకు పోరు వలదు, పొత్తును వలదు. మన పుస్తకములు మనము చేతితో వ్రాసికొందము, మన పాటలు మన యిండ్లలో పాడుకొందము. వారి బహుమానములు కోరువాడు వారివైపు పోవచ్చును. ఇదియే ఆతని వాదము. 1975 ఫిబ్రవరిలో ఆతడు దీనిని వ్యాసముగ వ్రాసి చేతిప్రతులుగ పంచిపెట్టెను. 1976 ఫిబ్రవరి 21వ తేదిని బోయానోవిత్సె గ్రామమున జరిగిన రెండవ యుత్సవము యిరౌస్ పెండ్లియే.

ఆ పెండ్లి జరిగి నెల తిరుగకముందే, మార్చి 17వ తేది మొదలు పోలీసులు వారినిండ్లనుండి పట్టుకొనిపోయిరి. ఈ మేళపువారు, వీరితో వాయించు తక్కిన మేళములవారు, స్నేహితులు, అందఱు కలిసి ఇరువది మందికి మించిరి. ఇండ్లు వెదకి టేపులు, ఉత్తరములు, చిత్రములు మూటలు గట్టిరి. కొందఱిని నెలలకొలది నిర్బంధమున నుంచి విచారణ లేకయే విడిచిరి. హ్లావ్సా, యానీచెక్ ఇట్లు విడువబడినవారే.

ఇక నా నాటకకర్త విషయము. వాత్స్లావ్ హావెల్ సంపన్న కుటుంబమున పుట్టినవాడు; నాటకములు వ్రాసి దేశాంతరములలో గూడ పేరొందినవాడు. 1968 తరువాత ఆయన నాటకములు స్వదేశమున నిషేధింపబడెను. పొడుగు జుట్టు పిల్లలతో ఆయనకు పరిచయము లేదు. వారిని గూర్చి విన్నదియు మంచిది కాదు. యిరౌస్ దృష్టిలోను హావెల్ ప్రభుత్వము సహించు ముద్దుబిడ్డ. 1976 మొదటి నెలలలో ఒక స్నేహితుని ద్వారా ఇద్దఱు కలిసిరి. యిరౌస్ టేపు పెట్టి వినిపించెను. ఆ రాత్రి తెల్లవారువఱకు కూర్చుండి మాటలాడిరి. ఆ పాటలలో నొక కలతపెట్టు మంత్రశక్తి యున్నదనియు, అది కల్లలేని బ్రతుకునుండి వచ్చినదనియు హావెల్ తరువాత వ్రాసెను. త్వరలో జరుగబోవు కచేరీకి రమ్మని యిరౌస్ పిలిచెను. ఆ కచేరీ జరుగనే లేదు. ఆలోపల అందఱును పట్టుబడిరి.

అప్పుడు హావెల్ చేసిన పని చిన్నదిగ దోచును గాని చిన్నది కాదు. చదువుకొనిన పెద్దల యిండ్లకు దిరిగి, ఈ పిల్లల పక్షమున సంతకములు చేయుడని యడిగెను. పెద్దలు తటపటాయించిరి. వారు అల్లరివాండ్రు గదా, బూతులు పాడుదురు గదా, మన గౌరవ మేమగునని కొందఱనిరి. హావెల్ చెప్పిన సమాధానపు సారాంశ మిది: రాజకీయ ప్రత్యర్థులు చెఱకు పోయినపుడు వారు తెలిసి ఆటకు దిగినవారని లోకము సరిపెట్టుకొనును. ఈ పిల్లలకు అట్టి గతచరిత్ర లేదు, పదవి కోరిక లేదు. తమ బ్రతుకు తాము బ్రతుకుట, తమ పాట తాము పాడుటయే వారి నేరము. నేడు ఎవరును గమనింపకుండ వీరిని నేరస్థులుగ జైలుకు బంపగలిగినచో, ఱేపు స్వతంత్రముగ నాలోచించు ఏ మనుష్యునినైనను అదేవిధముగ బంపవచ్చును. ఈ మాటలు తలకెక్కినవి. ఆ వేసవిలో పాతోచ్కా యను వృద్ధ తత్త్వవేత్తయు, తరువాత 1984లో నోబెలు బహుమానము పొందిన యారొస్లావ్ సైఫర్త్ అను కవియు, హావెలును, మఱికొందఱును గూడి జర్మను రచయిత హైన్రిఖ్ బోల్ పేర బహిరంగలేఖ వ్రాసిరి. లోకమునకు వార్త తెలిసెను.

విచారణ 1976 సెప్టెంబరు 21 నుండి 23 వఱకు ప్రాగులోని మాలా స్త్రానా పేటలో జరిగెను. బోనెక్కినవారు నలుగురు. యిరౌస్, బ్రాబెనెట్స్, మఱియొక మేళపు కవి పావెల్ జాయీచెక్, స్వాతోప్లుక్ కారాసెక్. ఈ కారాసెక్ క్రైస్తవ మతబోధకుడు. బోధించు అనుమతిని ప్రభుత్వము లాగికొనగా భక్తిగీతములు పాడుచు తిరిగినవాడు. నేరము, సంఘటితముగ శాంతిభంగము చేయుట. నిదర్శనము, పాటలలోని అశ్లీల పదములు.

ఇచ్చట మీలో నొక సందేహము కలుగవచ్చును. అశ్లీలము పాడుట తప్పు కాదా? పదుగురిలో పాడిన తప్పే యని నేనును నమ్ముదును. అయినను మూడు సంగతులు చూడవలయును. వారు పాడినది పిలిచిన స్నేహితుల యెదుట. వినుటకు ఇష్టపడి రైలెక్కి నడచి వచ్చినవారి యెదుట. శాంతిభంగమైనదని దారిని పోవువాడెవడును ఫిర్యాదు చేయలేదు. ఇక అంతకంటె మోటుమాటలు ప్రతి సారాదుకాణమున ప్రతిసాయంకాలము వినబడుచుండగా, న్యాయాధిపతి యెదుటికి వచ్చినవి ఈ నలుగురి మాటలు మాత్రమే. దండింపదలచిన దానికి దండన దొరకక, దొరికినదానిని పట్టుకొనిరని తెలియుటకు గొప్ప న్యాయశాస్త్రము అక్కఱలేదు.

గదిలోనికి కొలదిమందినే రానిచ్చిరి. తక్కినవారు నడవలలోను మెట్లపైనను నిలిచిరి. హావెల్ ఈ దృశ్యమును వర్ణించి యున్నాడు. ఒకనాడు మంత్రిపదవులు చేసి తొలగింపబడినవారు, తత్త్వవేత్తలు, మతబోధకులు, గడ్డములు జడలుగట్టిన పిల్లలు, ఒకరినొకరు అంతకుముందు ఎన్నడు చూడనివారు, ఒకే గోడకు చేరగిలబడి నిలిచిరి. దోషులకు సంకెళ్లు వేసి తీసికొనిపోవుచుండగా అందఱు పలుకరించిరి. తీర్పు వచ్చెను. యిరౌస్‌కు పదునెనిమిది నెలలు, జాయీచెక్‌కు పండ్రెండు నెలలు, బ్రాబెనెట్స్, కారాసెక్‌లకు ఎనిమిదేసి నెలలు. ఆ దినములలోనే హావెల్ వీథిలో తెలిసిన సినిమా దర్శకు డొకడు కనబడగా, విచారణనుండి వచ్చుచున్నానని చెప్పెను. మత్తుమందుల కేసా యని ఆతడడిగెను. కాదు కాదని హావెల్ వివరించెను. ఆతడు తల యూచి, మఱి యింకేమి చేయుచున్నావని కుశలమడిగెను. ఆ నిమిషమున హావెలునకు ఆ దర్శకుని లోకముతో తనకిక సంబంధము లేదని తోచినదట. దర్శకుడు దుష్టుడు కాడు. మంచివాడే. ఆ మంచితనమే హావెలును భయపెట్టినది.

మెట్లపై నిలిచిన ఆ జనులు విడిపోలేదు. అంతకుముందు సంవత్సరము హెల్సింకి నగరమున అనేక దేశములతోపాటు చెకొస్లొవాకియా ప్రభుత్వమును మానవహక్కులను గౌరవింతుమని సంతకము చేసి యుండెను. సంతకము చేసిన మాట నిలుపుకొనుడని యడుగుట నేరము కాదు గదా యని వీరొక పత్రము వ్రాసిరి. 1977 జనవరి 1వ తేదితో వెలువడిన ఆ పత్రమే చార్టర్ 77. తొలుత సంతకము చేసినవారు ఇన్నూట నలువది మంది చిల్లర. పాతోచ్కా, హావెల్, మాజీ విదేశాంగమంత్రి యిర్జీ హాయెక్ మువ్వురును ప్రతినిధులు. జనవరి 6వ తేదిని పత్రమును కారులో శాసనసభకు తీసికొని పోవుచుండగా పోలీసులు అడ్డగించి హావెలును పట్టుకొనిరి. అరువది తొమ్మిదేండ్ల పాతోచ్కాను మార్చి నెలలో గంటలకొలది ప్రశ్నింపగా ఆయన ఆసుపత్రి పాలై 13వ తేదిని మరణించెను. ఆయన అంత్యక్రియలవేళ శ్మశానముపై హెలికాప్టరు తిరుగుచుండెను. చెంతనున్న పందెపు మైదానమున మోటారుసైకిళ్లు గర్జించుచుండెను. చరమవాక్యములు వినబడకుండ చేయుటకే. పాట చప్పుడని జైలుకు బంపిన ప్రభుత్వము తానే యెట్టి చప్పుడు చేసినదో చూడుడు.

మేళము ఆగలేదు. హావెలునకు హ్రాదెచెక్ అనుచోట పల్లెటి యిల్లొకటి కలదు. అచ్చటి కొట్టములో 1977లో కచేరీ జరిగెను. 1978లో క్రీస్తు శ్రమలను గూర్చి బ్రాబెనెట్స్ కూర్చిన పాటలను అచ్చటనే వాయించి టేపుపై పట్టిరి. 1977లో దేశమునుండి వెళ్లగొట్టబడిన పాల్ విల్సన్ 1980లో కెనడానుండి దానిని పలకగా వెలువరించెను. ఈ విల్సనే తరువాత హావెల్ రచనలను ఇంగ్లీషులోనికి అనువదించెను. ఒకప్పుడు వీరికి పరభాషలో పాటలు నేర్పినవాడు వీరి భాషను తన భాషలోనికి మోసికొనిపోయినాడు. 1981లో కెర్హార్తిత్సె గ్రామమున వారు వాయించిన యిల్లు అనతికాలమున అగ్నికి ఆహుతియైనది. 1982లో బ్రాబెనెట్స్ పోలీసుల బాధ పడలేక కెనడాకు వలసపోయెను. యిరౌస్ మరల మరల జైలుకు పోయెను. ఐదుమారులు, అన్నియు కలిపి ఎనిమిదేండ్లకు పైబడి. అందు వాల్దిత్సె జైలులో వ్రాసిన పద్యములు ఆతని రచనలలో మేలైనవని చెప్పుదురు. బయట నున్న పిచ్చివాడు లోపల ప్రార్థన చేయువాడయ్యెను.

చిత్రమేమన, అన్ని దెబ్బలకు విడిపోని మేళము తుదకు సడలింపునకు విడిపోయినది. 1980ల చివర ప్రభుత్వపు పట్టు సడలసాగినది. పేరు విడిచినచో బహిరంగముగ వాయింపవచ్చునను మాట వచ్చెను. ఇన్నేండ్లకు జనుల యెదుట నిలువవచ్చునని కొందఱు. ఆ పేరుకై మనుష్యులు జైళ్లకు పోయిరే యని కొందఱు. ఎవరి మాటలోను స్వార్థము లేదు. 1988లో మేళము చెదరెను. హ్లావ్సా అర్ధరాత్రి యని యర్థమిచ్చు పూల్నోత్స్ అను వేఱొక మేళము గట్టెను. మఱుసటి యేడు నవంబరు 17వ తేది విద్యార్థుల యూరేగింపుతో మొదలైన ఉద్యమము, ఒక్క తుపాకి పేలకుండ నెల దినములలో ప్రభుత్వమును దింపెను. డిసెంబరు 29వ తేదిని హావెల్ అధ్యక్షుడయ్యెను.

ఒక మేళము ప్రభుత్వమును గూల్చినదని చెప్పువారు కలరు. నేను ఒప్పుకొనను. సోవియట్ రష్యాలో గోర్బచేవ్ రాకున్నచో, ఇరుగుపొరుగు దేశములు కదలకున్నచో, ఆ పాటలు ఇంకను కొట్టములలోనే యుండెడివి. మేళపువారు చేసినది వేఱు. ఒకరి ముఖ మొకరు చూడని జనులను ఒక న్యాయస్థానపు మెట్లపై కలిపిరి. అదియు వారు తలచి చేసినది కాదు.

1990 జనవరిలో ఫ్రాంక్ జాపా ప్రాగునకు రాగా హావెల్ రాజమందిరమున స్వాగతమిచ్చెను. 1997లో చార్టరునకు ఇరువది యేండ్లు నిండిన సందర్భమున హావెల్ కోరగా పాతవారు మరల కలిసిరి. బ్రాబెనెట్స్ కెనడానుండి తిరిగి వచ్చెను. 1998 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుని శ్వేతభవనమున హావెలునకు విందు జరిగినపుడు, వెల్వెట్ అండర్‌గ్రౌండ్ మేళమునకు పూర్వము నాయకుడైన లూ రీడ్ పాడెను. ఆయన ప్రక్కన నిలిచి బాస్ గిటారు వాయించినవాడు హ్లావ్సా. పదునేడవయేట ఎవని పాటలను వినికిడిచే నేర్చుకొనెనో వాని ప్రక్కన.

2001 జనవరి 5వ తేదిని హ్లావ్సా ఊపిరితిత్తుల రాచపుండుచే మరణించెను. అప్పటి కాతనికి నలువది తొమ్మిదేండ్లు. యిరౌస్ 2011 నవంబరులోను, హావెల్ ఆ మఱుసటి నెలలోను కన్నుమూసిరి. హ్లావ్సా పోయినపిదప మేళమిక లేదని అందఱు తలచిరి. కొలదికాలమునకు బ్రాబెనెట్స్, యానీచెక్, వయోలా వాయించు యిర్జీ కాబెష్ క్రొత్తగా నొక బాస్ గిటారు వాద్యకురాలిని చేర్చుకొని, ప్రాగులోనే, తలుపులు తెఱచిన హాలులో, టిక్కెట్లు అమ్మి, ఆ పాత పేరుతోనే మరల వాయింపసాగిరి.